చెరువు పచ్చబడితే అర్థమేమిటి? నాచును చూసి నీటిని అంచనా వేయడం గురించి

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను. హైదరాబాద్ శివారులో మీ కాలనీని ఆనుకుని ఉన్న చెరువు సంక్రాంతి దాకా మామూలుగానే ఉండి, ఏప్రిల్ నాటికి చిక్కటి పచ్చరంగుకు తిరిగింది. నాచు పెరిగిందంటే నీళ్లలో జీవం ఉన్నట్టేనని కొందరు పెద్దలు, అదంతా విషమని కొందరు యువకులు వాదించుకుంటున్నారు. అందరూ చందాలు వేసుకుని నీటి పరీక్ష చేయిస్తే, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములు ఉందని తేలింది. చేపల పెంపకానికి 4 ఉంటే చాలునని ప్రమాణాలు చెబుతున్నాయి కాబట్టి చెరువు బాగానే ఉందని కాలనీ సంఘం తీర్మానించింది. మీకు మాత్రం అనుమానం తీరలేదు. నాచును చూసి నీటి నాణ్యతను నిజంగా చెప్పవచ్చా అన్నది మీ ప్రశ్న.

చెప్పవచ్చు. అయితే నాచు ఉందా లేదా అన్న దాన్ని బట్టి, ఎంత పచ్చగా ఉంది అన్న దాన్ని బట్టి చెప్పలేము. ఏ రకాల నాచు ఉంది, నిరుడు ఇదే నెలలో ఏ రకాలు ఉండేవి, వాటిలో ఏవి కనిపించకుండా పోయాయి అన్నది చూసి చెప్పాలి. ఊరి నిండా జనం ఉన్నారని తెలిసినంత మాత్రాన ఊరి పరిస్థితి తెలియదు కదా. ఎవరు వచ్చి చేరారో, ఎవరు ఇల్లు ఖాళీ చేసి పోయారో తెలిస్తేనే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి, సెలవు రోజుల్లో సీసాలు పట్టుకుని చెరువుల వెంట తిరిగినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మీ రిపోర్టులోని 9 అనే అంకెతో మొదలుపెడతాను. 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీరు గాలి నుంచి తనంతట తాను పట్టుకోగల ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ అది 7కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మీ చెరువులో 9 వచ్చిందంటే, ఆ అదనపు ఆక్సిజన్ గాలి నుంచి వచ్చినది కాదు. ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ నాచు నీటిలోకి వదిలినది. నమూనా ఏ సమయంలో తీశారో రిపోర్టులో లేదని మీరే రాశారు. అది పగలు 11 గంటలకూ మధ్యాహ్నం 3 గంటలకూ మధ్య తీసినదై ఉంటుందని నా అంచనా. పొద్దు గుంకిన తర్వాత అదే నాచు ఆక్సిజన్ తయారు చేయడం మాని, రాత్రంతా మనలాగే దాన్ని వాడుకుంటుంది. అడుగున కుళ్లుతున్న పదార్థం కూడా వాడుకుంటుంది. తెల్లవారుజామున 5 గంటలకు అదే చోట కొలిస్తే 2 కూడా రాకపోవచ్చు. అటువంటి చెరువులో మధ్యాహ్నం వచ్చిన 9ని చూసి సంతోషించడం, జ్వరంతో ఉన్నవాడి ఒళ్లు ముట్టుకుని వెచ్చగా ఉన్నాడని మెచ్చుకోవడం వంటిది.

ఇదే క్రియ వల్ల మరొకటి కూడా జరుగుతుంది. నాచు పగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ 9 దాటిపోతుంది. మురుగునీటితో వచ్చిన అమ్మోనియాలో చేపలకు విషమయ్యే రూపం పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 9కి చేరితే దాదాపు సగం ఆ రూపంలోకి మారిపోతుంది. అంటే చేపకు మధ్యాహ్నం అమ్మోనియాతోనూ, తెల్లవారుజామున ఊపిరాడకపోవడంతోనూ రెండు వైపుల నుంచి గండం. చాలా ఏళ్ల కిందట ఒక పట్టణ చెరువులో జూన్ నెలలో మూడు రోజులు మబ్బు పట్టి, నాలుగో రోజు తెల్లవారేసరికి బొచ్చెలు, రవ్వలు వందల కొద్దీ వెల్లకిలా తేలాయి. ఎవరో మందు కలిపారని మత్స్యకారులు ఆందోళన చేశారు. మధ్యాహ్నం తీసిన నమూనాలో నీరు బాగానే ఉందని కాగితం వచ్చింది. నేను ఉదయం ఆరు గంటలకు ముంచిన సీసాలో మాత్రం నాచు కణాలు పాలిపోయి, విచ్చిపోయి, సగం కుళ్లిపోయి ఉన్నాయి. మబ్బుల వల్ల ఎండ లేక ఆ నాచంతా ఒక్కసారిగా చచ్చి, కుళ్లే క్రమంలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేసింది. మందు కలిపినవారు ఎవరూ లేరు. అంతకు ముందు రెండు నెలలుగా చెరువు చిక్కటి పచ్చగా ఉండి అందరికీ కనిపిస్తూనే ఉంది.

రసాయన పరీక్ష నమూనా తీసిన ఆ క్షణం సంగతి చెబుతుంది. నాచు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు నీటిలో జరిగినదాన్ని కూడబెట్టి చెబుతుంది. రాత్రిపూట గుట్టుగా వదిలిన మురుగు తెల్లారేసరికి కొట్టుకుపోయినా, దాని మీద పెరిగిన జాతులు మిగిలే ఉంటాయి. మనం నాచు, పాచి అని ఒకే మాటతో పిలిచేవాటిలో బంధుత్వమే లేని అనేక వర్గాలు ఉన్నాయి. ఆకుపచ్చ శైవలాలు, గాజు పెంకులో ఉండే డయాటంలు, కొరడా వంటి తోకతో ఈదే యూగ్లీనాలు, అసలు శైవలాలే కాక బ్యాక్టీరియా కోవకు చెందిన నీలి ఆకుపచ్చ నాచులు, ఇలా ఒక్కో వర్గానిది ఒక్కో స్వభావం. శుభ్రమైన నీటిలో చాలా రకాలు తలా కొంచెం ఉంటాయి. నీరు చెడేకొద్దీ రకాలు తగ్గి, ఉన్న రెండు మూడు రకాలే లెక్కకు మిక్కిలిగా పెరుగుతాయి.

నాలా వచ్చి చెరువులో కలిసే చోటు నుంచి చూద్దాం. అక్కడ బురద మీద నలుపు, నీలం కలిసిన మెత్తటి చాపలా పరుచుకున్నది సాధారణంగా ఆసిలటోరియా. సూక్ష్మదర్శిని కింద అది సన్నటి దారపు పోగులా ఉండి, కొస అటూ ఇటూ మెల్లగా ఊగుతూ కనిపిస్తుంది. ఆ ఊగిసలాట వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. నిలవ నీటి మూలల్లో, పశువులు దిగే చోట, యూగ్లీనా ఉంటుంది. దానిలో ఒక జాతిని పల్లెటూరి కుంటల్లో మీరు చూసే ఉంటారు: పొద్దున పచ్చగా ఉన్న నీటి పైపొర ఎండ ముదిరేసరికి ఇటుక పొడి చల్లినట్టు ఎర్రబడుతుంది, సాయంత్రానికి మళ్లీ పచ్చబడుతుంది. ఎండ తీవ్రమైనప్పుడు ఆ కణం తనలోని ఎర్ర రంగు రేణువులను గొడుగులా పైకి తెచ్చుకుని, ఆకుపచ్చ భాగాలను వాటి కింద దాచుకుంటుంది. మా విద్యార్థులను కుంట గట్టున నిలబెట్టి గంటసేపు ఇదొక్కటే చూపించేవాణ్ణి, ఎందుకంటే పుస్తకంలో చదివితే ఎవరూ నమ్మరు. యూగ్లీనా సమృద్ధిగా ఉందంటే నీటిలో పేడ, మలమూత్రాలు, కుళ్లే సేంద్రియ పదార్థం దండిగా ఉన్నట్టు లెక్క.

ఈ పరిశీలనలను అంకెల్లోకి మార్చే పద్ధతుల్లో మన దేశంలో ఎక్కువగా వాడేది 1969లో అమెరికా శాస్త్రవేత్త పామర్ ప్రకటించిన సూచిక. అంతవరకు 165 మంది పరిశోధకులు రాసినదంతా కూర్చి, సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే 20 ప్రజాతులకు (దగ్గరి బంధుత్వం ఉన్న జాతుల గుంపులకు) ఆయన 1 నుంచి 5 వరకు మార్కులు ఇచ్చాడు. యూగ్లీనాకు, ఆసిలటోరియాకు 5 చొప్పున, సినిడెస్మస్‌కు, క్లామిడోమోనాస్‌కు 4 చొప్పున, క్లోరెల్లాకు, నావిక్యులాకు, నిట్షియాకు 3 చొప్పున ఇచ్చి, మిగిలినవాటికి 2 గాని 1 గాని పెట్టాడు. మిల్లీలీటరుకు 50కి తక్కువ కాకుండా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. మొత్తం 20 గాని అంతకు మించి గాని వస్తే సేంద్రియ కాలుష్యం తీవ్రంగా ఉన్నట్టు, 15 నుంచి 19 మధ్య వస్తే ఉండే అవకాశం ఉన్నట్టు. నాలా మూతి దగ్గర తీసిన నమూనాలో యూగ్లీనా, ఆసిలటోరియా, సినిడెస్మస్, క్లోరెల్లా, నిట్షియా, ఫేకస్ కనిపించాయనుకోండి: 5, 5, 4, 3, 3, 2 కలిపితే 22. ఇక సందేహం అక్కర్లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మీరు పంపిన ఫొటోలోని చెరువు మధ్యభాగం వంటి చోట. ఆ రంగును, గట్టు వెంట పేరుకున్న మీగడలాంటి తెట్టెను బట్టి అక్కడున్నది మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు అని నేను గట్టిగానే అనుకుంటున్నాను. పామర్ పట్టికలో ఇది అనాసిస్టిస్ అన్న పాత పేరు కింద వస్తుంది. దానికి ఇచ్చింది 1 మార్కు మాత్రమే. దానితో పాటు సినిడెస్మస్, ఆంకిస్ట్రోడెస్మస్, సైక్లోటెల్లా, మెలోసిరా ఉన్నా 1, 4, 2, 1, 1 కలిపి 9 దాటదు. ఆ 9 చూసి కాలుష్యం లేదని రాసిన విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు నేను చాలా దిద్దాను. పామర్ అడిగిన ప్రశ్న కుళ్లే పదార్థం ఎంత ఉంది అన్నది. మైక్రోసిస్టిస్ జవాబిచ్చే ప్రశ్న వేరు: ఆ పదార్థం కుళ్లడం అయిపోయిన తర్వాత మిగిలిన భాస్వరం, నత్రజని ఎంత ఉన్నాయి అన్నది దాని ప్రశ్న. అందుకే నాలా మూతి దగ్గర ఒక గుంపు, అలుగు దగ్గర మరొక గుంపు కనిపించడం సహజం. రెండింటినీ విడివిడిగా చదవాలి.

నీలి ఆకుపచ్చ నాచుల్లోనే మరొక భేదం ఉంది. అనబీనా వంటివి పూసల దండలా ఉంటాయి. ఆ పూసల మధ్య అక్కడక్కడ కొంచెం పెద్దదిగా, గోడ మందంగా, లేత పసుపు రంగులో ఒక ప్రత్యేక కణం కనిపిస్తుంది. హెటిరోసిస్ట్ అనే ఆ కణం గాలిలోని నత్రజనిని పట్టి వాడుకునే కార్ఖానా. వరి మడుల్లో జీవన ఎరువుగా చల్లేది ఈ కోవకు చెందినదే. చెరువులో ఇవి పెరిగాయంటే భాస్వరం పుష్కలంగా ఉండి, దానితో పోల్చితే నత్రజని చాలడం లేదని అర్థం. మైక్రోసిస్టిస్‌కు ఈ కణం లేదు. అది నీటిలో ఉన్న నత్రజని మీదనే బతకాలి. అది విజృంభించిందంటే భాస్వరం, నత్రజని రెండూ నీటిలోకి ధారాళంగా వస్తున్నాయన్నమాట, మన పట్టణాల్లో అది దాదాపు ఎప్పుడూ మురుగునీరే. ఒక చుక్క నీటిలో ఆ పెద్ద పూస ఉందా లేదా అని చూసి ఇంత చెప్పగలగడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మంచి నీటికి గుర్తులు కూడా ఉన్నాయి, కాని మన ప్రాంతంలో వాటి విషయంలో తొందరపడకూడదు. రెండు సగాలు అద్దంలో ప్రతిబింబంలా ఉండే డెస్మిడ్‌లు అనే అందమైన ఆకుపచ్చ శైవలాలు పోషకాలు, సున్నపు లవణాలు తక్కువగా ఉన్న మృదుజలంలో వైవిధ్యంగా పెరుగుతాయని యూరప్ గ్రంథాలు చెబుతాయి. 1949లో డెన్మార్క్‌కు చెందిన నైగార్డ్ నీటి స్థితిని తేల్చడానికి చేసిన సూత్రంలో పోషకాలు ఎక్కువైన నీటిని ఇష్టపడే వర్గాల జాతుల సంఖ్యను డెస్మిడ్‌ల జాతుల సంఖ్యతో భాగిస్తారు. కాని దక్కన్ చెరువుల నీరు స్వతహాగా క్షారగుణం కలది, అందులో డెస్మిడ్‌లు సహజంగానే తక్కువ. భాగహారం చేస్తే మంచి చెరువు కూడా చెడ్డదిగా తేలే ప్రమాదం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులు జాఫర్, మునవర్ హైదరాబాద్ చేపల కుంటల మీద, వెంకటేశ్వర్లు మూసీ నది మీద 1960లలో, 1970లలో వెలువరించిన పరిశోధనలు ఈ కారణంగానే మనకు విలువైనవి. బయటి దేశం కొలబద్దను తెచ్చి పెట్టకుండా, ఇక్కడి నీటిలో ఇక్కడి జాతులు ఏ పరిస్థితిలో పెరుగుతాయో వారు నెల నెలా లెక్కపెట్టి చూశారు.

డెస్మిడ్‌ల కంటే మన చెరువులకు నమ్మదగిన గుర్తు కారా అని నా అభిప్రాయం. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. మొక్కలా నిలబడి, కణుపు కణుపుకూ కొమ్మలు వలయంగా వచ్చి, సున్నం పట్టి చేతికి గరుకుగా తగులుతుంది, నలిపితే వెల్లుల్లి వాసన కొడుతుంది. అది అడుగున వేళ్లూనుకుని పెరగాలంటే వెలుతురు అడుగు దాకా దిగాలి. కాబట్టి కారా ఉన్న చెరువులో నీరు తేటగా ఉన్నట్టు, అది మాయమైతే నీరు మసకబారినట్టు. మీ కాలనీలో పాతకాపులైన మత్స్యకారులు ఎవరైనా ఉంటే, అడుగున గరుకు నాచు వలకు తగిలేదా, ఎప్పటి నుంచి తగలడం లేదు అని అడగండి. డయాటంల విషయానికి వస్తే, అవి గుర్తుపట్టడం కష్టం గాని సాక్ష్యం గట్టిది. రాళ్ల మీద జిగురుగా పట్టిన గోధుమరంగు పొరను పాత పళ్లబ్రష్‌తో గీరి చూస్తే అవి దొరుకుతాయి. నిట్షియా పేలియా, గాంఫొనీమా పార్వులమ్ ఆ పొర నిండా ఉంటే మురుగు ఉన్నట్టే. వాటి సిలికా పెంకులు కుళ్లవు. అడుగు బురదలో పొరలు పొరలుగా మిగిలి ఉంటాయి కాబట్టి ఆ బురదను లోతు దాకా కడ్డీలా తీసి, చెరువు ఎప్పుడు చెడిందో వెనక్కి చదివే వీలు కూడా ఉంది.

రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదనడానికి మహారాష్ట్రలోని బుల్దానా జిల్లా లోనార్ సరస్సు ఉదాహరణ. ఉల్క పడి ఏర్పడిన ఆ సరస్సు నీరు విపరీతమైన క్షారగుణం కలది. స్పైరులినా కోవకు చెందిన నాచు అందులో సహజంగానే పచ్చగా పెరుగుతుంది. 2020 జూన్‌లో అదే సరస్సు గులాబీ రంగుకు తిరిగితే, అది ఉప్పునీటిలో పెరిగే సూక్ష్మజీవుల పని అని తేలింది.

సూక్ష్మదర్శిని లేకుండా మీరు రేపే చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి. చేతికి తొడుగు వేసుకుని, పచ్చటి తెట్టెలోకి ఒక కర్రను దింపి తీయండి. పచ్చి దారాలు, జుట్టు పోగులు వేలాడినట్టు వస్తే అది స్పైరోగైరా వంటి ఆకుపచ్చ శైవలం. పెద్దగా భయం లేదు. కర్రకు పెయింటు పూసినట్టు అంటుకుని వస్తే నీలి ఆకుపచ్చ నాచు. రెండవది, వెడల్పు మూతి గాజు సీసాలో ముప్పాతిక వంతు చెరువు నీరు పట్టి, కదపకుండా రాత్రంతా ఉంచండి. మైక్రోసిస్టిస్ కణాల్లో గాలి నింపుకున్న అతి సన్నని గొట్టాలు ఉంటాయి. అందువల్ల అది తెల్లవారేసరికి పైకి తేలి పచ్చటి కట్టు కడుతుంది. మిగిలిన నాచులు చాలావరకు అడుగుకు దిగుతాయి, లేదా నీరంతా కలిసి ఉంటాయి. సీసాను వెలుతురుకు పెట్టి చూస్తే మైక్రోసిస్టిస్ సమూహాలు పచ్చరంగు వేసిన బొంబాయి రవ్వ నలకల్లా కంటికే కనిపిస్తాయి. ఒడ్డున ఆ తెట్టె ఎండిన చోట, రాళ్ల అంచుకు నీలిమందు కారినట్టు చారలు ఉంటే అవి చచ్చిన కణాల నుంచి బయటపడిన నీలి వర్ణకం. అక్కడి వాసన కూడా గమనించండి. ఆ నీటిలో తొలకరి మట్టివాసన వస్తే జియోస్మిన్ అనే పదార్థం కారణం. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు దాన్ని తయారు చేస్తాయి, అటువంటి చెరువు చేపను ఎంత కడిగి వండినా మట్టివాసన పోదు.

మూడవది నీరు ఎంత తేటగా ఉందో కొలిచే సెక్కీ పళ్లెం. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేసి, మధ్యలో గుర్తులు పెట్టిన తాడు కట్టి, నీడవైపు నుంచి నీటిలోకి దింపుతూ అది కనుమరుగయ్యే లోతు రాసుకోండి. 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్‌సన్ చేసిన కొలమానంలో ఆ లోతు 1 మీటరైతే 60 మార్కులు. లోతు సగానికి తగ్గిన ప్రతిసారీ 10 మార్కులు పెరుగుతాయి. అర మీటరైతే 70, పావు మీటరైతే 80. సుమారు 50 దాటితే పోషకాలు ఎక్కువైన చెరువుగా, 70 దాటితే మితిమీరినదిగా పరిగణిస్తారు. అయితే వాన పడిన వారం ఈ పని చేయకండి, ఎందుకంటే ఎర్రమట్టి మసకను నాచు మసకగా లెక్కపెట్టే పొరపాటు జరుగుతుంది.

విషం సంగతికి వస్తాను. మైక్రోసిస్టిస్‌లో కొన్ని తెగలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్‌ను తయారు చేస్తాయి, కొన్ని చేయవు; రెండూ సూక్ష్మదర్శినికి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి ప్రత్యేక పరీక్ష లేకుండా ఎవరూ తేల్చలేరు. తాగునీటిలో ఆ విషంలోని ఒక రకమైన మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నీటిని మరిగించినా ఈ విషం పోదు. పరీక్ష జరిగేదాకా పిల్లలను, కుక్కలను, పశువులను తెట్టె ఉన్న ఒడ్డుకు పోనివ్వకండి. మీ సంఘంలో ఎవరో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లుదామని అన్నారని రాశారు. దయచేసి ఆ ఆలోచన మానిపించండి. మైలుతుత్తం నాచును చంపుతుంది, చచ్చిన కణం పగిలి అంతవరకు లోపల ఉన్న విషాన్ని నీటిలోకి వదులుతుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో తాగునీటి జలాశయానికి ఇలాగే మందు వేసిన కొద్ది రోజులకు 148 మంది, వారిలో అత్యధికులు పిల్లలు, కాలేయ వాపు వంటి లక్షణాలతో జబ్బు పడ్డారు. అక్కడి నాచు జాతి వేరు గాని జరిగిన క్రమం అదే.

నాచు ఇచ్చిన సూచనను సకాలంలో అందుకుంటే ఏమవుతుందో అమెరికాలో సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు చరిత్రలో ఉంది. 1955లో అందులో ఆసిలటోరియా రూబెసెన్స్ అనే జాతి గుంపులుగా కనిపించింది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ సరస్సు చెడిపోయే ముందు కనిపించినది అదే జాతి అని ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్తకు తెలుసు కాబట్టి, నీరు ఇంకా చూడటానికి బాగానే ఉన్న రోజుల్లోనే ఆయన హెచ్చరించాడు. 1958లో ప్రజలు ఓటు వేసి ఒప్పుకున్నారు, 1963 నుంచి 1968 లోపల మురుగు కాలువలన్నీ సరస్సు నుంచి మళ్లించారు, ఆ తర్వాత కొన్నేళ్లకే నీరు తేటపడి ఆ జాతి కనిపించకుండా పోయింది. ఏ పోషకాన్ని ఆపాలన్న వాదన కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని 226వ నంబరు సరస్సులో తీరింది: 1973లో దాన్ని మధ్యలో తెర కట్టి రెండు చేసి, ఒక వైపు కార్బన్, నత్రజని మాత్రమే, రెండవ వైపు వాటితో పాటు భాస్వరం కూడా వేస్తే, భాస్వరం పడిన వైపే పచ్చబడింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూస్తే వాదన అక్కర్లేదు.

మన చెరువుకు అంత త్వరగా గుణం కనిపిస్తుందని మాత్రం ఆశ పెట్టలేను. వాషింగ్టన్ సరస్సు 60 మీటర్లకు మించి లోతైనది. మన చెరువుల్లో వేసవిలో నిలువెత్తు నీరు కూడా ఉండదు. ఏళ్ల తరబడి వచ్చిన భాస్వరం పూడికలో ఇనుముతో కలిసి నిలవ ఉంటుంది, అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా విడిపోయి మళ్లీ పైకి వస్తుంది. నాలాను మళ్లించిన తర్వాత కూడా రెండు మూడు వేసవులు చెరువు పచ్చబడితే పని వృథా అయిందని అనుకోవద్దు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలిన చోట్ల, నీటి నిల్వ కోసం చేసిన ఆ పనిలో ఈ భాస్వరం కూడా కొంత గట్టు దాటి పోయి ఉంటుంది. హుస్సేన్‌సాగర్ విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. కూకట్‌పల్లి నాలా వంటివి పరిశ్రమల వ్యర్థాలను కూడా మోసుకొచ్చిన చోట, విగ్రహాల రంగులు కలిసే చోట, భార లోహాల సంగతిని పామర్ సూచిక గాని సెక్కీ పళ్లెం గాని చెప్పవు. దానికి ప్రయోగశాలకే వెళ్లాలి.

నమూనాలు తీసి పంపుతానన్నారు కాబట్టి పద్ధతి చెబుతాను. ఈ ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకు ఒకసారి, నాలా మూతి, చెరువు నడుమ, అలుగు అనే మూడు చోట్ల, మొత్తం ఆరు సీసాలు తీయండి. గట్టు మూలన గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న తెట్టెను మాత్రం నమూనాగా ముంచకండి, అది చెరువంతటి నాచు ఒకచోట పోగైనది. ప్రతి సీసాలో లుగాల్ అయోడిన్ ద్రావణాన్ని నీరు పలచని టీ రంగుకు వచ్చేదాకా చుక్కలు చుక్కలుగా వేస్తే కణాలు చెడకుండా ఉంటాయి. దానితో పాటు చెరువు నడుమ తీసిన నీటిని ఇంకొక సీసాలో అయోడిన్ వేయకుండా, మంచు పెట్టెలో పెట్టి అదే రోజు నాకు చేర్చండి, ఎందుకంటే అయోడిన్ అన్నిటినీ గోధుమరంగుకు మార్చేస్తుంది, ఆసిలటోరియా ఊగడం కూడా ఆగిపోతుంది. కరిగిన ఆక్సిజన్‌ను ఆ రెండు వేళల్లోనూ అక్కడికక్కడే మీటరుతో కొలిపించి రాయండి. అలుగు పోసిన తర్వాత అక్టోబరులో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఇవే చోట్ల మళ్లీ తీయాలి. సీసాల మీద చోటు, తేదీ, సమయం పెన్సిల్‌తో రాసిన కాగితాలు అంటించండి. పెన్ను రాత తడికి చెదిరిపోయి, ఏది నాలాదో ఏది అలుగుదో తెలియకుండా పోతుంది.